కొలాబా అఫ్ఘాన్ చర్చి: గోడకెక్కిన పేర్లు, ఎక్కని పేర్లు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా ఒక పాత కట్టడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. కోటల గురించి, గుళ్ళ గురించి చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను ముంబయిలో ఉన్న ఒక చర్చిని ఎంచుకున్నాను. నేను క్రైస్తవుణ్ణి కాను, శిల్పశాస్త్రం చదివినవాణ్ణీ కాను. అయితే మన ఫౌజులో మందిర్ పరేడ్ అంటే ఒక్క మతంవాళ్ళ పరేడ్ కాదు కదండీ. గుడైనా, గురుద్వారా అయినా, మసీదైనా, చర్చి అయినా జవాన్లతో పాటు మనమూ వెళ్ళి కూర్చున్నవాళ్ళమే. ఆ అలవాటుతోనే ఈ చర్చిలోకీ వెళ్ళాను. పైగా ఇది సిపాయిల యుద్ధం కోసం కట్టిన చర్చి. కాబట్టి దీని గురించి మాట్లాడే హక్కు మనకు కొంచెం ఉందనుకుంటున్నాను.

దీని అసలు పేరు సెయింట్ జాన్ ది ఎవాంజలిస్ట్ చర్చి. జనం నోట్లో మాత్రం అఫ్ఘాన్ చర్చి. నౌకాదళంలో పనిచేసి ముంబయిలో పోస్టింగ్ చేసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. కొలాబా బజారు దాటి, చేపల ఓడలు ఆగే ససూన్ డాక్ దాటి, నేవీ నగర్ వైపు వెళ్తుంటే పెద్ద పెద్ద చెట్ల మధ్య ఎత్తయిన రాతి శిఖరం కనిపిస్తుంది. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. అక్కణ్ణుంచి కొద్ది దూరంలోనే ఉన్న ఈ చర్చి ఆవరణలో మామూలు రోజుల్లో మనిషి అలికిడి ఉండదు. కాకుల అరుపు, ఎండుటాకుల చప్పుడు, అంతే. ఆదివారం మాత్రం ప్రార్థన జరుగుతుంది. 1970లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా కింద ఇది ఇప్పటికీ నడుస్తున్న చర్చే, శిథిలం కాదు.

దీన్ని ఎందుకు కట్టారో తెలియాలంటే ముందు యుద్ధం సంగతి చెప్పాలి. 1838లో గవర్నర్ జనరల్ ఆక్లండ్ ప్రభువు కాబూల్ గద్దె మీద తమకు అనుకూలుడైన షా షుజాని కూర్చోబెట్టాలని సైన్యాన్ని పంపాడు. రష్యావాళ్ళు అటు నుంచి వచ్చేస్తారేమోనని భయం. బెంగాల్ సైన్యం ఒక దారిన, జనరల్ కీన్ నాయకత్వంలో బొంబాయి సైన్యం సముద్రం మీదుగా సింధ్‌లో దిగి ఇంకో దారిన బయల్దేరాయి. బోలాన్ కనుమ దాటుతుంటే తిండి లేదు, నీళ్ళు లేవు, ఒంటెలు దారి పొడుగునా కూలిపోయాయి. అయినా 1839 జులైలో గజనీ కోట పట్టుకున్నారు, ఆగస్టులో కాబూల్ చేరారు. తిరుగు దారిలో నవంబరులో బొంబాయి పటాలాలు కలాత్ కోటను కూడా పట్టుకున్నాయి.

గెలిచామనుకున్నారు. కాని గద్దె మీద కూర్చోబెట్టినవాణ్ణి అక్కడి జనం ఒప్పుకోలేదు. 1841 నవంబరులో కాబూల్ తిరగబడింది. 1842 జనవరి 6న, ఎముకలు కొరికే చలిలో, కాబూల్ దండు జలాలాబాద్ వైపు వెనుదిరిగింది. సైనికులు సుమారు 4,500 మంది, వాళ్ళతో పాటు కాంపు ఫాలోయర్లు సుమారు 12,000 మంది. వారం తిరిగేసరికి ఆ దండు లేదు. జనవరి 13న డాక్టర్ బ్రైడన్ అనే ఒక్క యూరోపియన్ గాయాలతో, నడవలేని గుర్రం మీద జలాలాబాద్ చేరాడు. కొందరు బందీలుగా చిక్కారు. కొద్దిమంది సిపాయిలు తర్వాత ఎలాగో బయటపడి వచ్చారు. మిగిలినవాళ్ళు ఆ మంచులోనే ఉండిపోయారు. మరుసటి ఏడాది, 1843లో, సింధ్‌లో మియానీ దగ్గర, హైదరాబాద్ దగ్గర యుద్ధాలు జరిగాయి. ఈ హైదరాబాద్ మనది కాదండీ, సింధ్‌లోని హైదరాబాద్. దాంతో సింధ్ కంపెనీ చేతికొచ్చింది.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. కాబూల్ వదిలిన ఆ 4,500 మంది సైనికుల్లో యూరోపియన్లు సుమారు 700 మంది. మిగిలినవాళ్ళందరూ మన దేశపు సిపాయిలు, సవార్లు. ఆ 12,000 మంది కాంపు ఫాలోయర్లు ఎవరు? వంటవాళ్ళు, ధోబీలు, నీళ్ళు మోసే బిస్తీలు, ఒంటెలు తోలేవాళ్ళు, డోలీలు మోసేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. ఈ లెక్కతో మళ్ళీ పని ఉంది.

ఇక చర్చి దగ్గరికి వద్దాం. సింధ్, అఫ్ఘనిస్థాన్ యుద్ధాల్లో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం బొంబాయిలో ఒక చర్చి కట్టాలని చందాలు పోగుచేశారు. కొలాబా అప్పటికే కంటోన్మెంటు. మొదట్లో వేరే దీవి. 1838లో కాజ్‌వే కట్టాక బొంబాయితో కలిసింది. ప్రభుత్వం స్థలం ఇచ్చింది గాని ఒక షరతు పెట్టింది. శిఖరం ఎంత ఎత్తు ఉండాలంటే, రేవులోకి వచ్చే ఓడలకు అది గుర్తుగా కనిపించాలి. అంటే ప్రార్థనకు ప్రార్థన, దారి చూపడానికి దారి. సర్కారు ఎప్పుడైనా సర్కారే, ఒక ఖర్చుతో రెండు పనులు.

మొదట ఇంగ్లండు నుంచి డెరిక్ అనే ఆయన నమూనా తెప్పించారు. దానికి ఖర్చు తట్టుకోలేమని పక్కన పెట్టి, హెన్రీ కానిబేర్ అనే ఇంజనీరు వేసిన ప్లాను తీసుకున్నారు. ఈ కానిబేర్ ఎవరో కాదు, బొంబాయికి విహార్ చెరువు నీళ్ళ పథకం రూపొందించినాయనే. 1847 డిసెంబరు 4న గవర్నర్ సర్ జార్జ్ క్లార్క్ శంకుస్థాపన చేశాడు. 1858 జనవరి 7న బిషప్ హార్డింగ్ ప్రతిష్ఠ చేశాడు. శిఖరం పూర్తయ్యేసరికి 1865 జూన్ వచ్చింది. అంటే పునాది నుంచి శిఖరం దాకా సుమారు పద్దెనిమిదేళ్ళు. మొత్తం ఖర్చు 5,65,000 రూపాయలు. శిఖరం కోసం కావస్‌జీ జహంగీర్ అనే పార్సీ వర్తకుడు 7,500 రూపాయలు ఇచ్చాడు. క్రైస్తవుల చర్చికి పార్సీ చందా. ముంబయి స్వభావం అప్పటికే అలాంటిది.

శిఖరం ఎత్తు 198 అడుగులు. ఇప్పుడు చుట్టూ మేడలు లేచాయి కాబట్టి మనకి అంత అనిపించదు. కొలాబాలో పెంకుటిళ్ళు, బారకులు మాత్రమే ఉన్న రోజుల్లో సముద్రం మీద నుంచి చూసేవాళ్ళకి మొదట కనిపించేది ఇదే అయ్యుండాలి. గోడలకి కుర్లా రాయి, స్తంభాలకి, కమానులకి పోర్‌బందర్ రాయి వాడారు. లేత పసుపు, గోధుమ కలిసిన రంగు. సాయంత్రం ఎండ పడితే రాయి వెచ్చగా కనిపిస్తుంది. వర్షాకాలంలో నాచు పట్టి నల్లబడుతుంది.

ఈ కట్టుబడిని గోథిక్ పద్ధతి అంటారు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మన కమాను పైన గుండ్రంగా ఉంటే, వాళ్ళ కమాను రెండు చేతులు జోడించినట్టు పైన కొసదేరి ఉంటుంది. తలుపు, కిటికీ, లోపలి స్తంభాల వరస, అన్నీ చూపుని పైకే లాగుతాయి. వి.టి. స్టేషను, హైకోర్టు, రాజాబాయ్ గడియార స్తంభం చూసి ముంబయిని గోథిక్ నగరం అంటాం కదా, అవన్నీ 1870లలో, 1880లలో లేచినవి. ఈ చర్చి వాటికంటే ముందుది. ఆ వైపు తిరిగిన ముంబయి కట్టడాల్లో ఇది తొలి వరుసలోది. అయినా స్టేషను ముందు ఫొటోలు తీసుకునేవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా ఇక్కడికి రారు.

లోపల అడుగు పెట్టగానే బయటి ఎండకీ లోపలి చల్లదనానికీ కళ్ళు సర్దుకోవడానికి కొంచెంసేపు పడుతుంది. ముందు నేల చూడండి. ఇంగ్లండు నుంచి తెప్పించిన రంగు టైల్స్, మన పండుగ ముగ్గుల్లాగా లెక్క తప్పని గీతలతో పరిచారు. ఆ టైల్స్, బలిపీఠం వెనకాల అలంకరణ, బెంచీల నమూనా, ఇవి విలియం బటర్‌ఫీల్డ్ అనే పేరున్న ఆర్కిటెక్టు పని. లండన్‌లో ఆల్ సెయింట్స్ చర్చి, ఆక్స్‌ఫర్డ్‌లో కీబుల్ కాలేజి కట్టినాయన. రంగురంగుల ఇటుకలు, టైల్స్ కలిపి అల్లడం ఆయన ప్రత్యేకత. తర్వాత తల ఎత్తి తూర్పు, పడమర కిటికీలు చూడండి. రంగుటద్దాలు న్యూకాసిల్‌లో విలియం వెయిల్స్ కార్ఖానాలో తయారైనవి. ఇక్కడ ఒక చిన్న సలహా. తూర్పు కిటికీని పొద్దున్నే చూడాలి, పడమటి కిటికీని సాయంత్రం చూడాలి. వెనకాల ఎండ లేకపోతే రంగుటద్దం నల్లటి పలకలాగే ఉంటుంది. ఎండ వచ్చిందా, ఎరుపు, నీలం, పచ్చ నేల మీద కూడా పరుచుకుంటాయి. గంటల గోపురంలో ఎనిమిది గంటలున్నాయి, 1904లో ఇంగ్లండులోని టేలర్ కంపెనీ నుంచి వచ్చాయి.

ఇక మనలాంటివాళ్ళ కన్ను ఎక్కడ ఆగుతుందంటే, బెంచీల దగ్గర. బెంచీలకు చిన్న చిన్న గాట్లు ఉన్నాయి. మామూలువాళ్ళకి అవేమిటో అర్థం కాదు. రైఫిల్ నిలబెట్టుకోవడానికి చేసినవి. 1857 మే 10న, ఆదివారం, మీరట్‌లో తెల్లవాళ్ళు సాయంత్రం ప్రార్థనకు తయారవుతున్న సమయంలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ తర్వాత గోరా సోల్జర్లు చర్చికి కూడా ఆయుధంతోనే వెళ్ళాలని నియమం వచ్చింది. అందుకే మన దేశంలో పాత కంటోన్మెంటు చర్చిల్లో చాలాచోట్ల ఈ గాట్లు కనిపిస్తాయి. ఈ చర్చిని ప్రతిష్ఠించింది 1858 జనవరిలో అన్నాను కదా. అప్పటికి ఉత్తరాదిన పోరు ఇంకా సాగుతోంది. ఒక పక్క, పాత యుద్ధంలో సిపాయిలతో కలిసి చచ్చిపోయినవాళ్ళ స్మారకం. ఇంకో పక్క, అదే సిపాయిలకు భయపడి బెంచీకి రైఫిల్ గాడి. రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి. చరిత్ర పుస్తకంలో పది పేజీల్లో చెప్పేది ఇక్కడ ఒక చెక్క బెంచీ చెబుతుంది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దీని కోసమే. చర్చిలో ఒక శాసనం ఉంది. దాని భావం ఇది: గోడల మీద పేర్లు రాసి ఉన్న అధికారుల జ్ఞాపకార్థం, అలాగే విడివిడిగా రాయలేనంత ఎక్కువమంది అయిన నాన్ కమిషన్డ్ అధికారులు, సామాన్య సైనికుల జ్ఞాపకార్థం ఈ చర్చి కట్టారు. 1838 నుంచి 1843 వరకు సింధ్, అఫ్ఘనిస్థాన్ దండయాత్రల్లో, తమ విధిని మరవకుండా, జబ్బు వల్లనో కత్తి వల్లనో వాళ్ళు నేలకొరిగారు.

ఇందులో రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. మొదటిది, జబ్బు అన్నమాట కత్తి కంటే ముందు రాయడం. అది నిజాయితీ. ఆ కాలపు దండయాత్రల్లో తూటా కంటే విరేచనాలు, జ్వరాలు, చలి తీసుకెళ్ళినవాళ్ళే ఎక్కువ. సియాచిన్ లాంటిచోట డ్యూటీ చేసినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. శత్రువుతో ఒక్క తూటా కూడా మార్చుకోకుండా పోయినవాడు కూడా విధిలోనే పోయాడు. ఆ శాసనం రాసినవాళ్ళు ఆ సంగతి దాచలేదు.

రెండో మాట, విడివిడిగా రాయలేనంత ఎక్కువమంది. ఇది నాకు మింగుడు పడలేదు. నేను జె.సి.ఓ.గా పనిచేసినవాణ్ణి. అధికారికీ జవానుకీ మధ్య నిలబడేవాళ్ళం మనం. సుబేదార్ సాబ్ పని ఏమిటి? పొద్దున ఫాలిన్, సాయంత్రం రోల్ కాల్. నామినల్ రోల్ చేతిలో ఉంటుంది. నంబరు, ర్యాంకు, పేరు. ఒక్క మనిషి తక్కువైతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఎక్కువమంది కాబట్టి పిలవలేదు అని ఏ హవల్దారైనా అంటే మనం ఊరుకుంటామా? కంపెనీ సైన్యంలో కూడా మస్టర్ రోల్ ఉండేది. జీతం ఇవ్వాలంటే పేరు ఉండాలి కదా. జీతం పట్టీలో పట్టిన పేరు గోడ మీద పట్టలేదు, అంతే తేడా.

ఇంకా చూస్తే, ఆ శాసనంలో సిపాయి అన్న మాట లేదు. సుబేదార్, జమాదార్ అన్న మాటలు లేవు. ఇందాక చెప్పిన లెక్క గుర్తు చేసుకోండి. పోయినవాళ్ళలో అత్యధికులు ఎవరో వాళ్ళ పేరు కాదు, కనీసం వాళ్ళ ర్యాంకు మాట కూడా ఆ వాక్యంలోకి రాలేదు. బిస్తీల సంగతి, ధోబీల సంగతి అడగనే అక్కర్లేదు.

చర్చి కట్టిన కూలీల సంగతి కూడా ఇంతే. ఆ కాలంలో బొంబాయి కట్టుబడి పనులకి మన తెలంగాణ ప్రాంతం నుంచి వలస వెళ్ళినవాళ్ళని కామాఠీలు అన్నారు. కామాఠీపుర అనే పేట వాళ్ళ వల్లే వచ్చింది. పేటకి పేరు మిగిలింది, మనుషుల పేర్లు మిగల్లేదు.

తెల్లవాళ్ళు తెల్లవాళ్ళకే కట్టుకున్నారు, మనకెందుకు అని ఎవరైనా అనవచ్చు. నేను అలా అనుకోను. మియానీలో పోరాడిన బొంబాయి గ్రెనడియర్ల వారసత్వం ఈనాటి మన గ్రెనడియర్స్ రెజిమెంటులో ఉంది. ఆ యుద్ధం న్యాయమైనదా కాదా అన్నది వేరే ప్రశ్న. నన్నడిగితే కాదంటాను. కాని ఎవరి యుద్ధమైనా సిపాయి తన మాట నిలబెట్టుకున్నాడు. ఆ మాటకి విలువ ఉంది.

పైగా ఈ జబ్బు 1843తో పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్ ఒక మంచి నియమం పెట్టుకుంది. ర్యాంకుతో, మతంతో సంబంధం లేకుండా ప్రతి మనిషికీ పేరు ఉండాలి అని. మెసపొటేమియాలో పోయినవాళ్ళ కోసం 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం దగ్గర ఏం చేశారు? సుబేదార్లు, జమాదార్ల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిలకి మాత్రం పటాలం పేరు కింద ఇంకా ఇంతమంది అని అంకె వేశారు. ఆ మెసపొటేమియాకి మన తెలుగువాళ్ళున్న మద్రాసు సాపర్లు కూడా వెళ్ళారు. అంటే కొలాబాలో మన ర్యాంకు మాటే రాలేదు, బస్రాలో మన ర్యాంకు దాకా వచ్చి ఆగింది. సుబేదారు పేరు చూసి నేను సంతోషించలేను. తన ప్లటూను అంకెగా మారితే ఏ సుబేదారుకి సంతోషం? 2021లో ఆ కమిషనే తన నివేదికలో ఒప్పుకుంది, కనీసం 1,16,000 మందికి, ముఖ్యంగా ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళకి, పేరుతో స్మారకం లేకుండా పోయిందని.

ఇప్పుడు మన సంగతి. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత పోయిన 25,942 మంది పేర్లు ఆరోజు అక్కడి గ్రానైటు పలకల మీద ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో పలక. ఎక్కువమంది కాబట్టి రాయలేదు అనే మాటకి అదే జవాబు. 25,942 ఎక్కువే. అయినా రాశారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు, ఆయనతో పాటు 19 మంది అమరులయ్యారు. వాళ్ళ కోసం లద్దాఖ్‌లో కట్టిన స్మారకం మీద ఇరవై పేర్లూ ఉన్నాయి. కల్నల్ పేరుంది, నాయబ్ సుబేదార్ల పేర్లున్నాయి, సిపాయిల పేర్లున్నాయి. ఆ రాయి దగ్గర సెల్యూట్ చేసేటప్పుడు ఇరవైమందికీ చేస్తాం.

అయితే ఢిల్లీలో పేరు ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఊళ్ళో ఏముంది? మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళు వేరు, అక్కడ ఇంటింటికీ సైన్యంతో బంధుత్వం ఉంది. మిగతా ఊళ్ళలో, యుద్ధంలోనో జబ్బుతోనో డ్యూటీలో పోయిన జవాను పేరు పాత ఫొటో వెనకాల, భార్య పెన్షన్ పుస్తకంలో, అంతే. ఆవిడ ఉన్నంతకాలం ఆ పేరు ఉంటుంది.

అందుకని ఈ సభకి నా విన్నపం ఒక్కటే. వచ్చే సంవత్సరం సంచికలో ఒక విభాగం పెడదాం. ప్రతి సభ్యుడూ తన ఊరి నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సర్వీసులో పోయినవాళ్ళ వివరాలు తేవాలి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఊరు, తేదీ. యుద్ధంలో పోయినా, కొండచరియ పడి పోయినా, మిలటరీ ఆసుపత్రిలో పోయినా రాయాలి. కుక్, ధోబీ, నాయీ, సఫాయివాలా ఎవరైనా సరే రాయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాయండి, ఇంట్లో ఉన్న డిశ్చార్జి బుక్కు తీసి చూడండి. పేజీలు ఎక్కువవుతాయని ఎవరైనా అంటే, ప్రకటనలు తగ్గిద్దాం, పేర్లు తగ్గించవద్దు.

ముంబయి వెళ్ళినప్పుడు ఆ చర్చికి కూడా వెళ్ళండి. గేటు దగ్గర అడిగి, చెప్పులు చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళండి. నేల చూడండి, కిటికీలు చూడండి, బెంచీ గాడిలో వేలు పెట్టి చూడండి. గోడ మీద ఉన్న పేర్లకి నమస్కారం పెట్టండి, వాళ్ళూ మనలాగే బయల్దేరి తిరిగిరానివాళ్ళు. ఆ తర్వాత పేరు లేనివాళ్ళకి కూడా ఒకటి పెట్టండి. వాళ్ళు ఎక్కువమంది. కాబట్టి కొంచెంసేపు ఎక్కువ నిలబడండి.



జై హింద్.